బెరాఖా: యూదుల ప్రార్థనలో దీవెన

తెలుగులో దీవెన ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతుంది. పెద్దలు పిన్నలను దీవిస్తారు. దేవుడు భక్తుణ్ణి చల్లగా చూస్తాడు. మనవడు తాతను దీవించాడంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. హీబ్రూలోని ‘బెరాఖా’ అనే మాటకు ఈ పట్టింపు లేదు. దేవుడు మనిషికి ఇచ్చేదీ బెరాఖాయే, మనిషి దేవుడికి చెప్పేదీ బెరాఖాయే. యూదుల నిత్యప్రార్థనలో ఈ రెండో రకానిదే పెద్ద వాటా. నిద్ర లేచినప్పుడు, రొట్టె విరిచేటప్పుడు, ఉరుము విన్నప్పుడు, మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చినప్పుడు, చివరికి చావుకబురు చెవిన పడ్డప్పుడు కూడా దేవుణ్ణి ‘దీవించే’ వాక్యం ఒకటి వాళ్ల నోట సిద్ధంగా ఉంటుంది. బహువచనంలో వీటిని బెరాఖోత్ అంటారు.

ఆచారం లెక్కలో బెరాఖా అంటే ‘బారూఖ్’ (దీవెన పొందినవాడు) అనే మాటతో మొదలయ్యే, లేదా ఆ మాట ఉన్న ముక్తాయింపుతో ముగిసే, పదాలు స్థిరపడిన స్తుతివాక్యం. కొన్ని ఒక్క ఊపిరిలో అయిపోతాయి, కొన్ని పేజీ నిండా సాగుతాయి. వీటిలో చాలావాటిలో కోరిక అనేదే ఉండదు. చేతిలో ఉన్న పండు, ఒంట్లో ఉన్న ప్రాణం, ఎదురుగా ఉన్న సముద్రం ఎవరి సొమ్మో నోరు తెరిచి ఒప్పుకోవడమే వీటి పని.

మాట

హీబ్రూ మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. బెరాఖాకు ధాతువు బ–ర–క. అచ్చు తర్వాత వచ్చే ‘క’ గొంతులో రాపిడితో ‘ఖ’కు దగ్గరగా పలుకుతుంది. ఇవే హల్లులతో మోకాలిని ‘బెరెఖ్’ అంటారు, నీటి కొలనును ‘బెరేఖా’ అంటారు. మోకాలు వంచడం నుంచే స్తుతి అనే అర్థం పుట్టిందని కొందరు భాషావేత్తలు అంటారు. రెండూ వేర్వేరు ధాతువులై రూపంలో మాత్రమే కలిశాయని మరికొందరి వాదన. యూదు మార్మికులకు నచ్చింది కొలను. వాళ్ల దృష్టిలో ‘బారూఖ్’ అంటే దీవెనలు ఊరే చెలమ వంటివాడు.

ఈ చర్చ వెనక ఒక చిక్కు ఉంది. ఏ లోటూ లేనివాణ్ణి మనిషి దీవించి చేర్చేదేమిటి? 13వ శతాబ్దంలో బార్సెలోనాలో ఉన్న రబ్బీ సొలొమోన్ ఇబ్న్ అద్రెత్ ఈ మాటలో ‘పెంపు, సమృద్ధి’ అనే అర్థం చూశాడు. ఇది విశేషణమేనని, దీవెనలకు ఆయన మూలమని చెబుతున్నామే తప్ప ఆయనకు మనం ఏదీ ఇవ్వడం లేదని ఇంకొందరు పండితులు సర్దిచెప్పారు. తెలుగు బైబిలు అనువాదకులు ఈ చిక్కును మరో దారిలో తప్పించుకున్నారు. ఇస్సాకు యాకోబును ‘దీవించిన’ క్రియ, 103వ కీర్తనలో కీర్తనకారుడు దేవుణ్ణి ‘సన్నుతించిన’ క్రియ మూలంలో ఒక్కటే. తెలుగులో అవి రెండు మాటలై విడిపోయాయి. అందువల్ల అర్థం చెడలేదు కానీ, మూలంలో ఉన్న ఇచ్చిపుచ్చుకోలు మాత్రం తెలుగు పాఠకుడి కంట పడదు.

వాక్యం అల్లిక

పూర్తి స్థాయి బెరాఖా ఆరు మాటలతో ఆరంభమవుతుంది. ‘బారూఖ్’ తర్వాత వచ్చేది ‘అత్తా’, అంటే నీవు. ఆ తర్వాత దేవుడి పేరు. తోరాలో (మోషే ధర్మశాస్త్రంలో) ఈ పేరు నాలుగు హల్లులతో రాసి ఉంటుంది. యెరూషలేము దేవాలయం కూలిన తరవాత దాని అసలు ఉచ్చారణ వాడుకలో నిలవలేదు. ప్రార్థనలో దాని చోట ‘అదొనాయ్’ (నా ప్రభువు) అంటారు. మామూలు మాటల్లో, పాఠం చెప్పేటప్పుడు అది కూడా అనకుండా ‘హషేమ్’ (ఆ పేరు) అని ఊరుకుంటారు. నాలుగో మాట ‘ఎలోహేను’, మా దేవుడు. చివరి రెండు మాటలకు ‘లోకానికి రాజు’ అని అర్థం. ఇందులోని ‘ఓలామ్’కు బైబిలు కాలంలో ‘అనంతకాలం’ అనే అర్థమే బలంగా ఉండేది, ‘లోకం’ అనే అర్థం తర్వాత స్థిరపడింది. చెవిన పడేటప్పుడు రెండూ కలిసే వినబడతాయి.

మూడో శతాబ్దంలో బబులోను పండితుడు రవ్, దేవుడి పేరు లేనిది బెరాఖా కాదన్నాడు. తిబెరియలో రబ్బీ యోహనాన్ ఇంకో అడుగు ముందుకు వేసి, రాజరికం ప్రస్తావన లేకపోయినా అది బెరాఖా కాదన్నాడు. చివరికి యోహనాన్ మాటే నిలిచింది. రోమన్ చక్రవర్తుల ఏలుబడిలో బతికే జనం రోజుకు పదులసార్లు రాజు వేరే ఉన్నాడని చెప్పుకోవడంలో రాజకీయం కూడా కొంత ఉందనిపిస్తుంది.

వ్యాకరణంలో ఒక వింత ఉంది. వాక్యం ‘నీవు’ అని మొదలై సగంలో ‘ఆయన’లోకి జారుతుంది. మనం ‘నువ్వు మా దేవుడివి’ అంటూ మొదలుపెట్టి, ‘ఈ పని చెయ్యమని ఆయన చెప్పాడు’ అని ముగించినట్టు. తెలుగు బడిలోనైతే పంతులుగారు ఎర్రసిరాతో దిద్దేవారు. ఇది పొరపాటు కాదని మధ్యయుగ వ్యాఖ్యాతలు పట్టుబట్టారు. దేవుడు పిలిస్తే పలికేంత దగ్గర, తెలుసుకోబోతే అందనంత దూరం కాబట్టి ఒకే వాక్యంలో ముఖాముఖీ, మరుగూ రెండూ ఉండాలని వాళ్ల వివరణ.

బెరాఖా చెప్పేవాడి పని అక్కడితో అయిపోయినా, విన్నవాడి పని మిగిలే ఉంటుంది. అతను ‘ఆమేన్’ అనాలి. తెలుగు క్రైస్తవుల నోట నిత్యం పలికే ఈ మాట హీబ్రూదే. స్థిరమైనది, నమ్మదగినది అని దాని మూలార్థం. అలెగ్జాండ్రియాలో ఒక సినగాగు ఎంత విశాలంగా ఉండేదంటే, వెనక కూచున్నవాళ్లకు గొంతు వినబడక, ఎప్పుడు ఆమేన్ అనాలో తెలిసేందుకు వేదిక మీద నుంచి గుడ్డ ఊపేవారని తాల్ముద్ (రబ్బీల చర్చల మహాసంకలనం) చెబుతుంది. ఏ దీవెనకో తెలియకుండా అనేసే ఆమేన్‌కు ‘అనాథ ఆమేన్’ అని పేరు, దాన్ని తాల్ముద్ వద్దంటుంది. అలెగ్జాండ్రియా వాళ్ల సంగతి మరి ఎలా అని తర్వాతి వ్యాఖ్యాతలు చాలానే తలలు బద్దలు కొట్టుకున్నారు.

ఎలా స్థిరపడ్డాయి

బైబిల్లో మనుషులు దేవుణ్ణి దీవించే ఘట్టాలు తక్కువేమీ కాదు. అబ్రాహాము సేవకుడు, మోషే మామ యిత్రో సంతోషం పట్టలేక అలా అన్నారు. అవన్నీ ఆ క్షణానికి పుట్టిన మాటలు, దాదాపు అన్నీ ‘ఆయన’ అని సాగేవి. ‘బారూఖ్ అత్తా’ అనే ముఖాముఖి సంబోధన హీబ్రూ బైబిలంతటిలో రెండే చోట్ల ఉంది: 119వ కీర్తనలో ఒకసారి, దినవృత్తాంతముల మొదటి గ్రంథం 29వ అధ్యాయంలో దావీదు నోట మరోసారి. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లోనూ దీవెన పాఠాలు ఉన్నాయి. వాటి అల్లిక ఇంకా పట్టు విడుపుగానే ఉంది.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి. బలిపీఠం చేసిన పని మాటల మీద పడింది. యావ్నే ఊళ్లో పండితసభ పెద్ద గమలియేలు ఎదుట షిమోన్ హ పకూలీ అనే ఆయన పద్దెనిమిది దీవెనలను క్రమంలో పెట్టాడని తాల్ముద్ కథనం. సుమారు 200లో యూదా హ నాసీ సంకలనం చేసిన ధర్మసంహిత మిష్నాలో మొదటి గ్రంథం పేరే ‘బెరాఖోత్’. విచిత్రమేమిటంటే అది ఉన్నది ‘విత్తనాలు’ అనే సంపుటంలో. మిగతా గ్రంథాలన్నీ పొలం, పంట, దశమభాగాల చట్టాలు. ప్రార్థనకు పొలంలో ఏం పని అని అడిగితే, పంట నోట్లోకి వెళ్లేముందు దీవెన చెప్పాలి కదా అని సంప్రదాయం జవాబిస్తుంది.

అప్పట్లో వాక్యాల సారమే నియమం, పదాలు చెప్పేవాడి ఇష్టం. పరిశోధకుడు యోసెఫ్ హైనెమన్ 1964లో హీబ్రూలో వెలువరించిన గ్రంథం ఈ సంగతిని బలంగా నిలబెట్టింది. ఒక మూలపాఠం చెడి నానా రూపాలు పుట్టలేదని, నానా రూపాలు మొదట్నుంచీ పక్కపక్కనే ఉండేవని ఆయన వాదం. కైరోలోని బెన్ ఎజ్రా సినగాగు అటకలో పోగుపడిన పాతకాగితాలు దీనికి సాక్ష్యం పలికాయి. 1896–97లో పండితుడు సొలొమోన్ షెఖ్తర్ అక్కడి నుంచి కేంబ్రిడ్జికి తెచ్చిన దాదాపు 1,93,000 తునకల్లో, నేటి పాఠానికి భిన్నమైన పాత పాలస్తీనా ప్రార్థనలు బయటపడ్డాయి. తొమ్మిదో శతాబ్దంలో బబులోను పీఠాధిపతి అమ్రామ్ గావోన్ స్పెయిన్ యూదులు అడిగితే రాసి పంపిన క్రమమే మనకు దొరికిన మొదటి పూర్తి ‘సిద్దూర్’ (ప్రార్థన పుస్తకం). అక్కడి నుంచి పదాలు గట్టిపడ్డాయి.

రోజుకు నూరు

రోజుకు వంద దీవెనలు చెప్పాలని రెండో శతాబ్దపు రబ్బీ మేయిర్ నియమం. దీనికి ఆధారం ఒక చమత్కారం. ద్వితీయోపదేశకాండం పదో అధ్యాయంలో దేవుడు నిన్ను ‘ఏమి’ అడుగుతున్నాడు అనే ప్రశ్న ఉంది. ఏమి అంటే ‘మా’, వంద అంటే ‘మేఆ’. ఒక అక్షరం చేర్చి చదివితే లెక్క తేలిపోతుంది. మామూలు రోజున ఈ నూరు పూర్తిచెయ్యడం కష్టమేమీ కాదు. పందొమ్మిది దీవెనల ప్రార్థన మూడు పూటలా చేస్తే యాభై ఏడు అయిపోతాయి. సబ్బాతు (శనివారపు విశ్రాంతిదినం) రోజున ఆ ప్రార్థన ఏడింటికి కుదించుకుపోతుంది కాబట్టి లోటు పడుతుంది. ఒక తాల్ముద్ పండితుడు ఆ లోటును సుగంధద్రవ్యాలు వాసన చూసీ, చిరుతిళ్లు తినీ పూడ్చుకునేవాడట. ధర్మశాస్త్రం చిరుతిండికి ఇంత గౌరవం ఇచ్చిన సందర్భాలు అరుదు.

పన్నెండో శతాబ్దంలో మైమోనిదీస్ ఈ మొత్తాన్ని మూడు పాయలుగా విడదీశాడు. అనుభవించే వాటికి చెప్పేవి, ఆజ్ఞలు నెరవేర్చేటప్పుడు చెప్పేవి, స్తుతి, కృతజ్ఞత, మొర కోసం చెప్పేవి.

తిండి

మొదటి పాయ వెనక ఉన్న ఆలోచన తాల్ముద్‌లో ఒకే పేజీలో దొరుకుతుంది. భూమీ దానిలోని సమస్తమూ దేవుడివని ఒక కీర్తన అంటుంది, భూమిని మనుషులకు ఇచ్చాడని మరో కీర్తన అంటుంది. ఏది నిజం? రబ్బీ లేవీ తీర్పు ఇది: మొదటిది దీవెనకు ముందు మాట, రెండోది దీవెన తరవాతి మాట. అంటే బెరాఖా చెప్పకుండా తిన్నవాడు దేవుడి సొమ్ము తిన్నట్టే లెక్క. గుడి మాన్యం అనుభవించి లెక్క చెప్పనివాడి పాపం ఎలాంటిదో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నైవేద్యానికీ దీనికీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. దీవెనలో పదార్థాన్ని దేవుడికి చూపడం, అర్పించడం, అది పవిత్రమై తిరిగి రావడం ఉండవు. పవిత్రంగా ఉన్నదాన్ని వాడుకునేందుకు మాటతో అనుమతి తీసుకోవడం ఉంటుంది.

అందుకే ఏ పదార్థానికి ఏ వాక్యమో తెలియడం ముఖ్యం. రొట్టెకు ఒకటి, ద్రాక్షారసానికి ఒకటి. చెట్టుపండుకు వేరు, నేలలో పండేవాటికి వేరు. గోధుమ, బార్లీ, ఓట్స్ వంటి అయిదు ధాన్యాలతో చేసిన ఇతర వంటకాలకు ఇంకొకటి. నీళ్లు, పాలు, గుడ్లు, మాంసం, చేపలు ‘షెహకోల్’ అనే వాక్యం కిందికి వస్తాయి. దేవుడి మాట వల్లనే సర్వమూ ఏర్పడిందని దాని భావం. పుట్టగొడుగు కూడా ఇందులోనే. అది నేల మీద మొలిచినా నేల నుంచి ఆహారం తీసుకోదని తాల్ముద్ గమనించింది.

అరటిపండు దగ్గర ఈ వర్గీకరణ తమాషాగా ఉంటుంది. చూడటానికి అది చెట్టు. కానీ గెల కోశాక బోదె ఎండిపోయి పక్కన పిలక లేస్తుంది. ఏటికేడు అదే మాను నిలిచి కాస్తేనే చెట్టు అని ధర్మశాస్త్రం నియమం. కాబట్టి అరటిపండుకు చెప్పేది కాయగూరల దీవెనే. మామిడికి ఈ పేచీ లేదు. పైగా ఏడాదిలో మొదటిసారి తినే పండుకు, ఈ రోజు దాకా బతికించి ఇక్కడికి చేర్చినందుకు చెప్పే ‘షెహెహెయాను’ అదనంగా కలుస్తుంది. కొత్త బట్టకూ, పండుగ మొదటిరాత్రికీ చెప్పేది అదే. 1948 మే 14న తెల్ అవీవ్‌లో ఇజ్రాయెల్ స్థాపన ప్రకటన చదివినప్పుడు కూడా ఒక రబ్బీ దాన్నే చెప్పాడు.

అన్నం సంగతి ఇంకా విచిత్రం. తాల్ముద్ తీర్పు ప్రకారం ఉడికించిన బియ్యానికి తినేముందు అయిదు ధాన్యాల వంటకాలకు చెప్పేదే చెప్పాలి. తిన్నాక మాత్రం ఆ గౌరవం పోయి, మామూలు పదార్థాలకు చెప్పే చిన్న వాక్యంతో సరిపెట్టాలి. తాల్ముద్ చెప్పిన ‘ఓరెజ్’ బియ్యమా, మరో చిరుధాన్యమా అని ఐరోపా పండితులు సందేహించారు కాబట్టి ఆచారంలో తేడాలున్నాయి. ఏ లెక్కన చూసినా, రొట్టె ముక్క లేని భోజనం విస్తరి నిండా ఉన్నా దీర్ఘమైన భోజనానంతర ప్రార్థన రాదు.

ఆ ప్రార్థన పేరు ‘బిర్కత్ హమాజోన్’. తిని తృప్తిపడి దేవుణ్ణి దీవించమని ద్వితీయోపదేశకాండం 8:10 చెబుతుంది. తినేముందు చెప్పేది పండితులు తర్కించి తేల్చినదైతే, తిన్నాక చెప్పేది నేరుగా తోరా ఆజ్ఞ. ఆకలివేళ దేవుడు గుర్తుకురావడం గొప్ప కాదు, కడుపు నిండాక గుర్తుండాలి అన్న లోకజ్ఞానం ఇందులో ఉంది. ఇందులో నాలుగు దీవెనలు: ఆహారం ఇచ్చినందుకు, భూమి ఇచ్చినందుకు, యెరూషలేము కోసం, చివరగా దేవుడి మంచితనానికి. నాలుగోది పుట్టిన సందర్భం భయానకం. రోమన్ల మీద బార్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు 135లో బేతార్ కోట పతనంతో ముగిసింది. అక్కడ పడి ఉన్న శవాలను పూడ్చనివ్వలేదు. ఎన్నాళ్లకో అనుమతి వచ్చిన రోజున, శవాలు కుళ్లనందుకూ పూడ్చుకోనిచ్చినందుకూ యావ్నేలో దీన్ని చేర్చారని తాల్ముద్ చెబుతుంది. నిండు భోజనం చివర ఆ జ్ఞాపకం ఇప్పటికీ పలుకుతూనే ఉంది.

ఆజ్ఞకు ముందు

రెండో పాయలోని వాక్యాల్లో తన ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రులను చేసి ఫలానా పని ఆదేశించినవాడని దేవుణ్ణి స్తుతిస్తారు. దీవెన, వెంటనే పని. మధ్యలో మాట్లాడకూడదు. సబ్బాతు దీపాల దగ్గర మాత్రం వరస తిరగబడింది. దీవెన చెప్పగానే సబ్బాతు వచ్చేసినట్టు, వచ్చాక నిప్పు వెలిగించకూడదు. అందుకే ఇల్లాలు ముందు దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్లు మూసుకుని దీవెన చెప్పి, అప్పుడు చేతులు తీసి వెలుగు చూస్తుంది. సినిమాల్లో ఎంతో ఆర్ద్రంగా కనిపించే ఆ భంగిమ పుట్టింది ఒక శాస్త్రచిక్కు నుంచి.

హనుక్కా పండుగ దీపాలకూ ఇదే తీరు వాక్యం. ఆ పండుగ తోరాలో లేదు. మరి దేవుడు ఎక్కడ ఆదేశించాడు అని తాల్ముద్ తనను తానే నిలదీసుకుని, పండితుల మాట దాటొద్దని తోరా చెప్పింది కదా అని సమాధానపడింది. ఇంతకన్నా ఆలోచన రేపేది, ఏ పనులకు దీవెన లేదు అన్నది. దానం చేసేటప్పుడు, తల్లిదండ్రులను గౌరవించేటప్పుడు, రోగిని చూడబోయేటప్పుడు బెరాఖా చెప్పరు. ఇబ్న్ అద్రెత్ చెప్పిన కారణం ఇది: ఆ పనులు పూర్తికావడం ఎదుటివాడి చేతిలో ఉంది. బీదవాడు పుచ్చుకోనంటే దేవుడి పేరు వృథాగా పలికినట్టవుతుంది. నా మట్టుకు నాకు ఇది న్యాయవాది జవాబులా ఉన్నా, దాని పక్కనే ఉన్న మరో ఫలితం మేలైనది. అన్నం పెట్టించుకునేవాడు మన మంత్రం అయ్యేదాకా చెయ్యి చాచి నిలబడక్కర్లేదు.

దేవుడి పేరు వృథాగా పలకడం పది ఆజ్ఞల్లో ఒకదాన్ని మీరడం. కాబట్టి చెప్పానో లేదో అనే సందేహం వస్తే సాధారణంగా మళ్లీ చెప్పరు.

నిలబడి చేసే ప్రార్థన

ప్రార్థనకు నడుమ ఉన్నది ‘అమీదా’, అంటే నిలబడటం. దాన్ని ‘పద్దెనిమిది’ అనే పేరుతో కూడా పిలుస్తారు, ఇప్పుడు అందులో పందొమ్మిది ఉన్నా సరే. మొదటి మూడు స్తుతులు, చివరి మూడు సేవ, కృతజ్ఞత, శాంతి. మధ్యలో పదమూడు కోరికలు. తెలివితో మొదలై, క్షమ, స్వస్థత, పంటల మీదుగా యెరూషలేము పునర్నిర్మాణం దాకా సాగుతాయి. కోరికలన్నీ ‘మేము’ అనే అడుగుతాయి. సబ్బాతున కోరికల భాగం తీసేసి ఒకే దీవెన ఉంచుతారు. సెలవురోజున కూడా అర్జీలు పట్టుకుపోకూడదన్నట్టు. పెదవులు కదుపుతూ గొంతు పైకి రాకుండా చెప్పాలి. గుడిలో ఆ రీతిన ప్రార్థించి తాగుబోతు అనిపించుకున్న బైబిల్లోని హన్నా దీనికి ఆదర్శం. మొదలుపెట్టేముందు మూడడుగులు ముందుకు, ముగిశాక మూడడుగులు వెనక్కి, రాజసభలో మెలిగినట్టు. ‘బారూఖ్’ అన్నప్పుడు వంగి, దేవుడి పేరు వచ్చేసరికి నిటారుగా నిలవాలి.

అదనంగా చేరినట్టు సంప్రదాయం చెప్పే దీవెన మతభ్రష్టులకు వ్యతిరేకమైనది. పేరు దీవెన, స్వభావం శాపం. 1898లో షెఖ్తర్ ప్రచురించిన కైరో పాఠంలో క్రైస్తవులను సూచించే ‘నొజ్రీం’ అనే మాట కనబడింది. ఐరోపాలో క్రైస్తవ సెన్సారు దీన్ని కొట్టేయించింది. ఇప్పటి ముద్రిత పాఠాల్లో అది చాడీకోరుల మీదికి మళ్లింది.

ఒళ్లు, ఉదయం, ఒక వివాదం

పొద్దున చెప్పే చిన్న దీవెనలు ఒకప్పుడు ఇంట్లో, పనితోపాటు నడిచేవి. కోడి కూత విన్నప్పుడు ఒకటి, కళ్లు తెరిచాక ఒకటి, బట్ట కట్టుకుంటూ ఒకటి, నేల మీద పాదం మోపుతూ ఒకటి. తర్వాతి కాలంలో వీటిని పోగుచేసి సినగాగులో వరసగా చదవడం మొదలుపెట్టారు. సౌకర్యం పెరిగింది కానీ, కోడి కూయని పట్నంలో కోడిని మెచ్చుకునే దీవెన మిగిలింది.

వీటిలో ‘అషెర్ యాత్సార్’ ప్రత్యేకం. మలమూత్ర విసర్జన తర్వాత చేతులు కడుక్కుని చెప్పేది. దీని మాటలను నాలుగో శతాబ్దపు పండితుడు అబ్బాయే నోట తాల్ముద్ నమోదు చేసింది. ఒంట్లో రంధ్రాలూ గొట్టాలూ ఉన్నాయి, తెరుచుకోవలసింది మూసుకున్నా, మూసుకోవలసింది తెరుచుకున్నా మనిషి నిలవలేడు అని దాని భావం. పుణ్యస్థలాన్ని స్తుతించడం ఎక్కడైనా ఉంది. మరుగుదొడ్డి గడప దగ్గర దేవుడి పేరు గుర్తుచేసుకోవడం తక్కువ మతాల్లో కనిపిస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకూ, పేగుల ఆపరేషన్ అయినవాళ్లకూ ఈ వాక్యం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

వివాదం రేపినవి మరో మూడు. తనను అన్యుడిగా, బానిసగా, స్త్రీగా పుట్టించనందుకు మగవాడు కృతజ్ఞత చెప్పేవి. ఆజ్ఞల భారం స్త్రీల మీద తక్కువ, ఎక్కువ ఆజ్ఞలు దొరికినందుకే ఈ స్తుతి అని సంప్రదాయవాదుల వివరణ. ఆ వివరణ స్త్రీలందరికీ తృప్తి ఇచ్చిందని చెప్పలేం. మధ్యయుగంలోనే స్త్రీలు తమను దేవుడి ఇచ్ఛ ప్రకారం చేసినందుకు అనే మరో రూపం చెప్పుకోవడం మొదలైంది. 1471లో ఇటలీలో అబ్రహాం ఫరిస్సోల్ ఒక స్త్రీ కోసం రాసిన ప్రార్థన పుస్తకంలో ఈ మాట ఏకంగా తలకిందులై, మగవాడిగా కాక స్త్రీగా చేసినందుకు అని ఉంది. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ 1946 ప్రార్థన పుస్తకంలో దేవుడి పోలికలో చేసినందుకు అని మార్చింది.

మార్పుల మీద పోరు అక్కడితో ఆగలేదు. 1945 నాటి తన ప్రార్థన పుస్తకంలో అమెరికా రబ్బీ మొర్దెకై కప్లాన్, యూదులను ఇతర జాతుల్లోంచి ఎన్నుకున్నాడనే మాటను తోరా చదివే ముందు చెప్పే దీవెన నుంచి తొలగించాడు. న్యూయార్కులో సనాతన రబ్బీల సభ ఆయన్ను వెలివేసింది, ఆ పుస్తకం ప్రతిని అక్కడే తగలబెట్టారు. 1996లో కవయిత్రి మార్షియా ఫాక్ తన దీవెనల పుస్తకంలో పుంలింగపు ‘నీవు’నూ ‘రాజు’నూ పక్కనపెట్టి, జీవపు ఊటను మనం దీవిద్దాం అనే తీరులో కొత్త వాక్యాలు రాసింది. ఇలా చూస్తే పాత మార్మికుల కొలను మళ్లీ నీళ్లు పట్టింది.

చూసినవీ విన్నవీ

మెరుపుకు, ఉరుముకు, ఇంద్రధనుస్సుకు, మహాసముద్రానికి, మహాపండితుడికి, రాజుకు వేర్వేరు దీవెనలున్నాయి. వసంతకాలపు నీసాన్ నెలలో పూత పట్టిన పండ్లచెట్టును చూస్తే ఏడాదికి ఒకసారి ఒకటి. ఏనుగునూ కోతినీ చూసినవాడు, జీవులను రకరకాలుగా మార్చి చేసినవాడని దేవుణ్ణి స్తుతించాలని తాల్ముద్ అంటుంది. రాసినవాళ్ల ఊళ్లలో కోతులు కనబడటం ఎంత అరుదో దీన్నిబట్టే తెలుస్తుంది. అన్నిటికన్నా అరుదైనది సూర్యుడి దీవెన. సృష్టి నాటి చోటికి సూర్యుడు బుధవారం నాడు తిరిగి వస్తాడన్న లెక్కతో 28 ఏళ్లకొకసారి పొద్దున ఆరుబయట నిలబడి చెబుతారు. 2009 ఏప్రిల్ 8న చెప్పారు, మళ్లీ 2037 ఏప్రిల్ 8న చెబుతారు. ఆ లెక్క నేటి ఖగోళశాస్త్రానికి సరిపోదని రబ్బీలకూ తెలుసు. అయినా చెబుతారు.

మంచికి దీవించినట్టే చెడుకూ దీవించాలని మిష్నా ఆదేశం. మరణవార్త విన్నప్పుడు సత్యమైన న్యాయాధిపతి అని దేవుణ్ణి స్తుతించి, దగ్గరివాళ్లు వేసుకున్న బట్టను చించుకుంటారు. నోరు ఒప్పుకుంటుంది, చెయ్యి ఒప్పుకోదు. రెండిటికీ శాస్త్రంలో చోటుంది. అదే అధ్యాయంలో వృథా ప్రార్థన గురించి కూడా ఉంది. ఊళ్లో ఏడుపు వినబడగానే అది మా ఇంట్లో కాకూడదని కోరుకోవడం వృథా ప్రార్థన. అప్పటికే జరిగిపోయింది, కోరితే మారదు. పైగా అది మరో ఇంటి మీదికి తోయడం కూడా.

పైనుంచి దిగే దీవెన

మనకు పరిచయమైన అర్థంలో దీవెన అంటే యాజకుల దీవెన. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో దేవుడు అహరోను కొడుకులకు నేర్పినది. హీబ్రూలో మూడు వాక్యాలు, వరసగా మూడు, అయిదు, ఏడు మాటలు. 1979లో యెరూషలేములోని కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి దొరికిన రెండు చిన్న వెండి రేకుల మీద దీని పాఠం చెక్కి ఉంది. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం చివర, ఆరో శతాబ్దం మొదట్లోవని అంచనా. బైబిలు వాక్యాలకు దొరికిన అతి పాత సాక్ష్యం అవే. మెడలో తాయెత్తులా వేసుకునే వస్తువులవి.

సినగాగులో అహరోను వంశీకులు చెప్పులు విడిచి, తలమీదుగా శాలువా కప్పుకుని, వేళ్లను జంటలుగా విడదీసిన చేతులు చాచి ఈ దీవెన చెబుతారు. చిన్నప్పుడు చూసిన ఆ వేళ్ల ముద్రనే నటుడు లియొనార్డ్ నిమోయ్ ‘స్టార్ ట్రెక్’లో స్పాక్ పాత్ర నమస్కారంగా మార్చాడు. యాజకుడు సైతం దీవించే ముందు ఒక బెరాఖా చెప్పి, ప్రజలను ప్రేమతో దీవించమని ఆజ్ఞ పొందానని ఒప్పుకోవాలి. దీవించే శక్తి కూడా తనది కాదన్నమాట. శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల తలమీద చేతులుంచి చెప్పేది ఇదే. దానికి ముందు కొడుకులకు ఎఫ్రాయిము, మనష్షేల పేర్లు, కూతుళ్లకు శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేర్లు తలుస్తారు.

ఏ భాషలో

యాజకుల దీవెన హీబ్రూలోనే చెప్పాలి. అమీదా, భోజనానంతర దీవెన ఏ భాషలోనైనా చెప్పవచ్చని మిష్నా తీర్పు. బెన్యామీను అనే గొర్రెలకాపరి రొట్టె మధ్యలో ఏదో పెట్టుకుని తిని, ఈ రొట్టె యజమానికి స్తోత్రమని తన అరమాయిక్ యాసలో అనేశాడు. అతని విధి తీరిందని రవ్ ఒప్పుకున్నాడు. దేవుడి పేరు ఉండాలని తాను పెట్టిన నియమం సంగతేమిటని అడిగితే, అందులో ‘దయామయుడు’ అనే మాట కూడా అన్నాడనుకోండి, అది దేవుడి పేరే అని తాల్ముద్ సర్దిపెట్టింది.

భారతదేశంలో కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు మొక్కు తీరినప్పుడో, శుభకార్యానికి ముందో ‘మలీదా’ చేస్తారు. అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర కలిపి, చుట్టూ పండ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తను తలుచుకుని, ఒక్కో రకానికి తగిన బెరాఖా చెప్పి పంచుకుంటారు. తెలుగు నేల మీద గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మాదిగ కులం నుంచి, క్రైస్తవం మీదుగా వచ్చిన ఈ కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. ఆమేన్, హల్లెలూయా తాతల నాటి నుంచీ నోట ఉన్నవే. బారూఖ్ ఒక్కటే కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.